కాదంటే ఏమవుతుంది? టీనేజ్ ప్రేమల్లో ఫోన్ పెత్తనం

“ఎక్కడున్నావ్?” అనే మెసేజ్‌లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. “ఆన్‌లైన్‌లోనే ఉన్నావ్ కదా, నాకెందుకు రిప్లై ఇవ్వలేదు?” అన్నది ఉత్త అలక కావచ్చు. “నీ పాస్‌వర్డ్ ఇవ్వు, నాదీ ఇస్తా” అనడం పదిహేనేళ్ల వయసులో ప్రేమకు గుర్తుగానే అనిపిస్తుంది. విడివిడిగా చూస్తే ఇవేవీ వేధింపులు కావు. టీనేజ్ ప్రేమల్లో డిజిటల్ వేధింపు చాలాకాలం ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఇదే. కొడితే మచ్చ మిగులుతుంది, నలుగురిలో తిడితే సాక్షులుంటారు. ఇక్కడ మిగిలేది పొడవాటి చాట్ ఒక్కటే. దాన్ని పెద్దవాళ్లు చదివినా “పిల్లల గొడవ, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది” అని పక్కన పెట్టేస్తారు.

ఏది వేధింపో చెప్పే జాబితాలకు కొదవలేదు. పదేపదే మెసేజ్‌లు పెట్టడం, లొకేషన్ పంపమనడం, అవతలివాళ్ల అకౌంట్‌లోకి వెళ్లి చాట్‌లు చదవడం, ఎవరిని ఫాలో అవ్వాలో ఎవరిని బ్లాక్ చేయాలో నిర్ణయించడం, ఫొటోలు పంపమని ఒత్తిడి చేయడం, గ్రూపుల్లో పరువు తీయడం, ఫేక్ అకౌంట్‌తో వెంటపడడం. అన్నీ నిజమే కానీ జాబితా ఒక్కటే చాలదు. ఇద్దరూ ఇష్టపడి లొకేషన్ షేర్ చేసుకుని హాయిగా ఉన్న జంటలూ ఉంటాయి. తేల్చాల్సిన ప్రశ్న వేరు. అడిగినదానికి కాదంటే ఏమవుతుంది? లొకేషన్ ఆపేసినప్పుడు అటునుంచి “సరేలే” అని వస్తే గొడవే లేదు. ఆపేసిన సాయంత్రమే వరసగా మిస్డ్ కాల్స్, “ఎవరితో ఉన్నావో నాకు తెలుసులే” అని వాయిస్ మెసేజ్, మర్నాడంతా మౌనం, రాత్రికి “నాకేమైనా అయితే కారణం నువ్వే” అని ఇంకో మెసేజ్ వస్తే, మూడో రోజు లొకేషన్ మళ్లీ ఆన్ అవుతుంది. బయటినుంచి చూసేవాళ్లకు మాత్రం ఇద్దరూ ఇష్టపడే షేర్ చేసుకుంటున్నట్టు కనిపిస్తుంది.

పెద్దవాళ్ల కాపురాల్లో ఇలాంటి పెత్తనాన్ని అర్థం చేసుకోవడానికి అమెరికన్ సామాజికవేత్త ఇవాన్ స్టార్క్ చేసిన పని ఉపయోగపడింది. ఒక్కో గొడవను విడిగా లెక్కపెట్టకుండా, అవన్నీ కలిసి ఒక మనిషి స్వేచ్ఛను ఎలా కుదిస్తున్నాయో చూడాలని ఆయన వాదించారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015లో వచ్చిన సీరియస్ క్రైమ్ చట్టం ఈ తరహా నిరంతర నియంత్రణను నేరంగా గుర్తించి, అయిదేళ్ల వరకు జైలుశిక్ష పెట్టింది. అయితే అక్కడి 2021 గృహహింస చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఇద్దరికీ పదహారేళ్లు నిండి ఉండాలి. పద్నాలుగేళ్ల పిల్లల మధ్య అచ్చంగా అదే జరిగినా ఆ నిర్వచనంలోకి రాదు. అంత చిన్నవాళ్లను దంపతుల చట్టంతో కొలవకూడదనడంలో న్యాయం ఉంది. కానీ దాని స్థానంలో ఏముండాలో ఎవరూ గట్టిగా ఆలోచించినట్టు లేదు.

ఎంతమందికి జరుగుతోంది?

అమెరికాలో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2013లో వెల్లడించిన అధ్యయనం ఈ రంగంలో ఎక్కువగా ప్రస్తావనకు వస్తుంది. న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లోని పది బడుల్లో 5,647 మంది విద్యార్థులను ప్రశ్నించారు. ప్రేమబంధంలో ఉన్నవారిలో 26 శాతం మంది, అంటే నలుగురిలో ఒకరు, ఆ ముందు ఏడాదిలో ఏదో ఒక రకమైన డిజిటల్ వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా కనిపించింది భయంకరమైన బెదిరింపు కాదు, అనుమతి లేకుండా సోషల్ మీడియా అకౌంట్ వాడుకోవడం. అమెరికా పరిశోధకులు సమీర్ హిందూజా, జస్టిన్ పాచిన్ 2020లో ప్రచురించిన మరో అధ్యయనంలో, 12 నుంచి 17 ఏళ్ల మధ్య ఉండి ప్రేమబంధం అనుభవం ఉన్న 2,218 మందిలో 28 శాతం ఇలాంటి మాటే చెప్పారు.

ఇది ఫోన్‌కే పరిమితమైన గొడవ కాదని కూడా ఆ అంకెలు చెబుతున్నాయి. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అధ్యయనంలో లైంగిక తరహా డిజిటల్ వేధింపుకు గురైన వారిలో 55 శాతం మందిపై లైంగికంగా బలవంతం కూడా జరిగింది. అలాంటి వేధింపు ఎదుర్కోని వారిలో అది 8 శాతమే. ఫోన్‌లో కనిపించేది చాలాసార్లు బయట జరుగుతున్నదానికి కొనసాగింపు. కాబట్టి “ఫోన్ పక్కన పెడితే అదే పోతుంది” అనే సలహా చాలా కేసుల్లో పనికిరాదు.

అబ్బాయిలా, అమ్మాయిలా అనే ప్రశ్న వెంటనే వస్తుంది. హిందూజా, పాచిన్ సర్వేలో వేధింపు ఎదుర్కొన్నామన్న అబ్బాయిలు 32 శాతం, అమ్మాయిలు 24 శాతం. ఈ అంకెను పట్టుకుని ఇద్దరి పరిస్థితీ ఒకటే అనేవాళ్లున్నారు. అది తొందరపాటు. లారెన్ రీడ్, రిచర్డ్ టోల్మన్, మోనిక్ వార్డ్ 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఇలాంటి ఘటనలు అమ్మాయిలను అబ్బాయిలకంటే ఎక్కువగా కలవరపెట్టాయని తేలింది. అమ్మాయి మూడుసార్లు ఫోన్ చెక్ చేస్తే చాలామంది అబ్బాయిలు విసుక్కుని నవ్వేస్తారు. ఫొటో బయటపెడతానన్న ఒక్క బెదిరింపుతో ఒక అమ్మాయి బడి మానేయవచ్చు. సర్వే ఫారంలో ఈ రెండింటికీ ఒక్కో టిక్కే పడుతుంది. ఇందులో ఇంకో ముడి కూడా ఉంది. నిజంగానే నలిగిపోతున్న అబ్బాయిని స్నేహితులు “భలే కంట్రోల్‌లో పెట్టిందిరా” అని ఆటపట్టిస్తారు. ఆ నవ్వుల మధ్య అతను సాయం అడగలేడు.

ఫోన్ ఏం మార్చింది

అసూయ పాతదే, అనుమానమూ పాతదే. వాటికి రోజంతా మేత దొరకడం మాత్రం కొత్త. వాట్సాప్ 2014 నవంబరులో బ్లూ టిక్‌లు తెచ్చింది. మెసేజ్ చదివారో లేదో అవతలివాళ్లకు తెలిసిపోవడం అప్పట్లో చాలామందికి నచ్చలేదు. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసుకునే వీలు కల్పించాల్సి వచ్చింది. కానీ పెత్తనం చేసే బంధంలో ఆ వీలు ఉత్తదే. “బ్లూ టిక్ ఎందుకు ఆపేశావ్, ఏం దాస్తున్నావ్?” అన్నదే తర్వాతి ప్రశ్న అవుతుంది. స్నాప్‌చాట్ 2017లో స్నేహితులు ఎక్కడున్నారో చూపే మ్యాప్ తెచ్చినప్పుడు, అందులో కనబడకుండా ఉండడానికి ఘోస్ట్ మోడ్ కూడా ఇచ్చింది. దాని గతీ అంతే. దాక్కోవడానికి ఇచ్చిన బటనే దాక్కుంటున్నారనే ఆరోపణకు రుజువైపోతుంది. ప్రైవసీ సెట్టింగులు తయారుచేసేవాళ్లు అపరిచితులను, దొంగలను, కంపెనీలను మనసులో పెట్టుకుంటారు. ఆ సెట్టింగ్ మారిందో లేదో పక్కనే కూర్చుని చూసే మనిషి వాళ్ల ఊహలో ఉండడు.

లాస్ట్ సీన్, టైపింగ్ అని కనిపించడం, స్టోరీ ఎవరు చూశారన్న లిస్ట్, ఎవరి ఫొటోకి లైక్ కొట్టారన్నది, రోజూ ఇద్దరూ స్నాప్ పంపుకోకపోతే తెగిపోయే స్ట్రీక్. వీటిలో ఒక్కటీ వేధించడం కోసం పుట్టలేదు, మనుషులను యాప్‌లో ఎక్కువసేపు ఉంచడానికి పుట్టినవి. అయితే అనుమానపడే మనిషి చేతిలో ఇవన్నీ సాక్ష్యాలే. రాత్రి 11 గంటలకు గుడ్‌నైట్ చెప్పి, 11:40కి ఆన్‌లైన్‌లో కనబడితే వివరణ ఇవ్వాలి. వివరణ ఇచ్చాక స్క్రీన్‌షాట్ చూపాలి. స్క్రీన్‌షాట్ చూపాక, అది ఎడిట్ చేసింది కాదని నమ్మించాలి. నిర్దోషినని నిరూపించుకోవడానికి ఇంత కష్టపడాల్సి వస్తుంటే ఆ టెన్షన్‌లో చదువు, నిద్ర ఏమైపోతాయో చెప్పనక్కర్లేదు.

అకౌంట్‌లోకి చొరబడడానికి పెద్ద హ్యాకింగ్ కూడా అక్కర్లేదు. ఫోన్ రెండు నిమిషాలు చేతికి దొరికితే వాట్సాప్‌ను ఇంకో పరికరానికి లింక్ చేయవచ్చు. అలా ఒక అకౌంట్‌కు నాలుగు పరికరాల దాకా కలపవచ్చు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిస్తే ఏమేం కలిపి ఉన్నాయో కనబడతాయి, అక్కడే తీసేయవచ్చు. ఈ సంగతి తెలియని పిల్లలు “నేనేం మాట్లాడినా వాడికి ఎలా తెలిసిపోతోంది?” అని బెంబేలెత్తుతారు. తనకు అన్నీ తెలుసన్న ఆ భ్రమ పెత్తనం చేసేవాళ్లకు కావలసిందే.

ఆ వయసే ఎందుకు

మొదటి ప్రేమకు పోల్చి చూసుకోవడానికి ముందు ఏమీ ఉండదు. ముప్పయ్యేళ్ల మనిషికి “ఇది మామూలుగా లేదు” అని చెప్పే పాత అనుభవం ఒకటైనా ఉంటుంది. పద్నాలుగేళ్లకు సినిమాలు, స్నేహితుల కబుర్లు తప్ప ఇంకే కొలమానమూ లేదు. అవి రెండూ అసూయను గాఢమైన ప్రేమగానే చూపిస్తాయి. ఇద్దరూ ఒకే క్లాసు, ఒకే గ్రూపులు, ఒకే స్నేహితులు. విడిపోవడమంటే ఒక మనిషి నుంచి దూరమవడం కాదు, ఉన్న లోకమంతా సగానికి చీలడం.

మరొకటి, ఈ బంధాలు చాలావరకు ఇంట్లో తెలియకుండా నడుస్తాయి. ఆ రహస్యమే ఆయుధమవుతుంది. “మీ ఇంట్లో చెప్పేస్తా” అనే ఒక్క మాట చాలు. ఇంట్లో ప్రేమ సంగతి తెలిస్తే ఎంత పెద్ద శిక్ష పడుతుందని పిల్లలు భయపడతారో, వేధించేవాళ్ల చేతిలో అంత బలం ఉంటుంది. ఈ లెక్క పెద్దవాళ్లకు నచ్చకపోవచ్చు. తమ కట్టుదిట్టాలు పిల్లలను కాపాడుతున్నాయని వాళ్ల నమ్మకం. బెదిరించేవాళ్లు మాత్రం సరిగ్గా ఆ కట్టుదిట్టాల మీదే బేరమాడతారు.

ఫొటోల విషయంలో ఇది ఇంకా ముదురుతుంది. మొదట బతిమాలడం, తర్వాత “నన్ను నమ్మట్లేదా?”, ఆ తర్వాత “అందరూ పంపుతారు”. ఒక్కటి పంపాక స్వరం మారుతుంది. ఇంకొకటి పంపకపోతే మొదటిది గ్రూపులో పెడతానంటారు. చాలా దేశాల చట్టాల ప్రకారం 18 ఏళ్లలోపు వారి నగ్న చిత్రం పిల్లలపై లైంగిక వేధింపుల సామగ్రి కిందికి వస్తుంది. పిల్లలను కాపాడడానికి రాసిన ఆ నియమమే కొన్నిసార్లు అడ్డం తిరుగుతుంది. తానే తీసి పంపింది కాబట్టి తనమీదే కేసు పెడతారేమోనని బాధితురాలు నోరు మూసుకుంటుంది. “నువ్వు చెప్పినా ఇరుక్కునేది నువ్వే” అని అవతలివాళ్లు ఆ భయాన్ని గుచ్చి గుచ్చి వాడుకుంటారు.

ఈ ఒక్క చోట మాత్రం చేతిలో పట్టుకోదగ్గ పరికరం ఉంది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే జాతీయ కేంద్రం 2023 ఫిబ్రవరిలో “టేక్ ఇట్ డౌన్” అనే ఉచిత సేవ మొదలుపెట్టింది. 18 ఏళ్లలోపు ఉన్నప్పుడు తీసిన చిత్రాల కోసం పెట్టినది ఇది. పేరు చెప్పనక్కర్లేదు, వేరే దేశంలో ఉన్నా వాడుకోవచ్చు. ఫొటోను ఎక్కడికీ పంపాల్సిన పని లేదు. ఫోన్‌లోనే దానికి హాష్ అనే అంకెల ముద్ర తయారవుతుంది, ఆ ముద్ర ఒక్కటే బయటికి వెళ్తుంది. ఈ ఏర్పాటులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ లాంటి వేదికలు ఆ ముద్రకు సరిపోయే చిత్రం తమ దగ్గర కనబడితే తీసేస్తాయి. పెద్దవాళ్లకు ఇలాంటిదే స్టాప్ ఎన్‌సీఐఐ పేరుతో 2021లో వచ్చింది. లోపాలు లేకపోలేదు. ఫొటోను కత్తిరించినా మార్చినా ముద్ర మారిపోవచ్చు, ఎన్‌క్రిప్షన్ ఉన్న ప్రైవేట్ చాట్‌లలో తిరిగేదాన్ని ఇది చూడలేదు. అయినా బెదిరింపు వచ్చిన రాత్రే, ఇంకా ఎక్కడా పోస్ట్ కాకముందే, ముద్ర వేసి పెట్టుకునే వీలుండడం చిన్న విషయం కాదు. చేతులు కట్టేసినట్టు కూర్చోవాల్సిన అవసరం తప్పుతుంది. అమెరికాలో ఇదే పేరుతో 2025 మేలో చట్టం కూడా వచ్చింది. ఇష్టం లేకుండా పెట్టిన అంతరంగిక చిత్రాలను, ఏఐతో తయారుచేసిన నకిలీలతో సహా, ఫిర్యాదు అందిన 48 గంటల్లో తీసేయాలని అది వేదికలను ఆదేశించింది. డీప్‌ఫేక్‌లు వచ్చాక “ఫొటో పంపకపోతే చాలు” అనే హెచ్చరికకు కూడా కాలం చెల్లింది. మామూలు డీపీ ఒక్కటి చాలు.

పెద్దవాళ్లకు ఎందుకు చెప్పరు

అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అధ్యయనంలో అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించాల్సిన అంకె మరొకటి ఉంది. డిజిటల్ వేధింపుకు గురైన వారిలో సాయం కోసం వెతికినవాళ్లు పది మందికి ఒక్కరు కూడా లేరు. వాళ్లలోనూ తల్లిదండ్రుల దగ్గరకో టీచర్ల దగ్గరకో వెళ్లినవాళ్లు మరీ తక్కువ.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. విషయం తెలియగానే చాలా ఇళ్లలో మొదట జరిగేది ఫోన్ లాక్కోవడం. తర్వాత పాస్‌వర్డ్ చెప్పమనడం, చాట్‌లన్నీ చదవడం, లొకేషన్ ట్రాకింగ్ పెట్టడం, ఫలానా వాళ్లతో మాట్లాడొద్దనడం. ఉద్దేశం మంచిదే. కానీ ఇంతకుముందు ప్రేమ పేరుతో ఒకరు చేసినవన్నీ ఇప్పుడు రక్షణ పేరుతో ఇంకొకరు చేస్తున్నారు. పిల్లల వైపు నుంచి చూస్తే స్నేహితులతో ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది, తప్పు చేసినవాళ్ల ఫోన్ మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. చిన్నప్పటినుంచీ “నీమీద ప్రేమతోనే చూస్తున్నా” అంటూ పిల్లల ఫోన్ రహస్యంగా చదివే ఇంట్లో పెరిగినవాళ్లకు, అదే మాట అనే ప్రేమికుడిలో తేడా కనబడకపోవడంలో వింత లేదు. చిన్నపిల్లలకు పర్యవేక్షణ అవసరమే. దాన్ని చెప్పి చేయడానికీ, చాటుగా చేయడానికీ చాలా తేడా ఉంది.

చెప్పినప్పుడు ఏం చేయాలన్నదానికి అనుభవం ఉన్న సహాయకులు పాటించే వరస ఒకటి ఉంది. ముందు వినాలి. ఎందుకు ప్రేమించావు, ఎందుకు పంపావు అనే విచారణ తర్వాతికి వాయిదా వేయవచ్చు, అసలు మానేసినా నష్టం లేదు. బ్లాక్ చేయడానికి ముందే మెసేజ్‌లను, పంపినవారి అకౌంట్ పేరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, అవతలివాళ్ల చేయి పడని చోట దాచాలి. నగ్న చిత్రాలను మాత్రం కాపీలు తీసి ఎవరికీ పంపకూడదు, అది చట్టపరంగా ఇంకో చిక్కు. ఉన్నట్టుండి అన్ని దారులూ మూసేస్తే కొందరు ఇంకా రెచ్చిపోతారు. అందుకే బ్లాక్ చేసే రోజున పక్కన ఎవరుంటారో, బడిలో ఎవరికి తెలిసి ఉండాలో ముందే అనుకోవడం మంచిది. ఐఫోన్‌లలో 2022 నుంచి ఉన్న సేఫ్టీ చెక్, ఎవరికి ఏమేం షేర్ అవుతున్నాయో చూపి ఒకేసారి ఆపేసే వీలు ఇస్తుంది. ఆపేసిన సంగతి అవతలివాళ్లు గమనించవచ్చని ఆపిల్ కూడా హెచ్చరిస్తుంది. పాస్‌వర్డ్‌లను వాళ్లెప్పుడూ ముట్టుకోని ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి మార్చాలి.

“నువ్వు వదిలేస్తే చచ్చిపోతా” అనే మెసేజ్‌ల గురించి విడిగా చెప్పాలి. అందులో నిజమెంత, నాటకమెంత అని తేల్చే బాధ్యత ఒక టీనేజర్‌ది కాదు. ఆ మెసేజ్‌ను పంపినవారి ఇంట్లో పెద్దవాళ్లకో, బడిలో ఎవరికో, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కో వెంటనే చేరవేయాలి. నిజమైతే ప్రాణం నిలబడుతుంది. బెదిరింపే అయితే ఆ బరువు బంధంలో ఉన్న మనిషి మీద నుంచి దిగుతుంది. పంపినవాళ్లూ పిల్లలేనన్నది మరిచిపోకూడదు. వాళ్లలో చాలామంది తాము చూసిన బంధాలనే అనుకరిస్తున్నారు. వాళ్లను రాక్షసులుగా నిలబెట్టి బడి నుంచి పంపేస్తే ఆ అలవాటు ఇంకో బడికి వెళ్తుంది, అంతే.

నార్త్ కరోలినాలో వాంజీ ఫోషీ బృందం 1990ల్లో “సేఫ్ డేట్స్” అనే బడి కార్యక్రమాన్ని రూపొందించి పరీక్షించింది. అందులో పాల్గొన్న పిల్లల్లో, నాలుగేళ్ల తర్వాత కూడా, ప్రేమబంధాల్లో హింస తక్కువగా నమోదైంది. అది స్మార్ట్‌ఫోన్ రాకముందు మాట. కానీ అక్కడ నేర్పింది యాప్‌ల గురించి కాదు. అసూయను ప్రేమగా చూడకపోవడం, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలి, స్నేహితురాలు ఇరుక్కుంటే ఎలా సాయపడాలి లాంటివి. ఈ రోజు సైబర్ భద్రత పేరుతో బడుల్లో జరిగే చాలా క్లాసులు బలమైన పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోతాయి. దాన్ని ప్రేమతో అడిగి తీసుకునే మనిషి సంగతి ఎత్తవు.

స్నేహితుల పాత్ర మీద ఇంకా చాలా తక్కువ దృష్టి పడింది. ఈ వేధింపు ఇద్దరి మధ్యే జరుగుతుందనుకుంటాం గానీ, దానికి చుట్టూ ఉన్నవాళ్ల సాయం కావాలి. బ్లాక్ అయిన అబ్బాయి తన ఫ్రెండ్ ఫోన్ తీసుకుని ఆమె స్టోరీ చూస్తాడు. “తను ఎవరితో ఉందో ఒకసారి చెప్పవా, టెన్షన్‌గా ఉంది” అని ఆమె స్నేహితురాలికి మెసేజ్ పెడతాడు. గ్రూపులో వచ్చిన స్క్రీన్‌షాట్‌ను ఎవరో ఒకరు ముందుకు పంపుతారు. వీళ్లెవరూ తాము వేధిస్తున్నామనుకోరు, రాజీ కుదుర్చుతున్నామనే అనుకుంటారు. పిల్లలు తమ కష్టాన్ని మొదట చెప్పుకునేదీ ఈ స్నేహితులకే. కాబట్టి బడిలో ఒక్క గంటే దొరికితే దాన్ని వీళ్లకు కేటాయించడం మేలు. తను ఎక్కడుందో, ఎవరితో ఉందో అడిగినప్పుడు చెప్పకుండా ఎలా తప్పుకోవాలి, ఫొటో వస్తే తెరవకుండా ఎవరికి చెప్పాలి, “నువ్వు వాణ్ని వదిలెయ్” అని తీర్పు చెప్పకుండా పక్కన ఎలా నిలబడాలి అన్నవి నేర్పదగిన పనులే. వాటికి పరీక్ష పెట్టలేకపోవడం వల్లనేమో, ఇంతవరకు సిలబస్‌లో చోటు దొరకలేదు.